పట్టులో బలమెంత, జతెంత

కాక: బాన్సువాడ పక్క ఊళ్లో ఒకప్పుడు కబడ్డీలో ఎడమ కార్నర్ ఆడిన పెద్దమనిషి. సారు: ఇక్కడి ఉన్నత పాఠశాలలో పీఈటీ. కబడ్డీ జట్టులో ఏడో ఆటగాడు ఎవరన్న దగ్గర ఇద్దరికీ పడలేదు.

కాక: ఆ చిన్న పోరన్ని పక్కకు పెట్టి, గురుకులంల చదివే పెద్దోన్ని ఎడమ కార్నర్ల నిలబెడుతున్నరట సారూ. నాకైతే నచ్చలేదు. ఎనక అనుడెందుకని ముంగటనే చెప్తున్న.

సారు: ముందు చెప్పడమే మంచిది కాకా. నేనూ దాచకుండా చెప్తాను. చిన్నోడి ఆటంటే నాకు ఇష్టమే. కానీ వాడు పట్టుకున్న కాలు ఆగడం లేదు. చీలమండ దొరుకుతుంది, రెండు చేతులూ సరిగ్గానే పడతాయి, ఆ తర్వాత రైడర్ వాణ్ని ఈడ్చుకుంటూ మిడ్ లైన్ వైపు పోతాడు. వాడు జారిపోతున్నాడని పక్కనున్న ఇన్ దూకుతాడు, కవర్ దూకుతాడు, అవతలి కార్నర్ కూడా పరుగెత్తుకొస్తాడు. లెక్క చూడు. రైడర్‌ను ఆపితే ఎంతమంది పట్టినా వచ్చేది ఒక్క పాయింటే. వాడి వేలు గీతకు తగిలిందా, ముట్టుకున్న వాళ్లందరూ బయటికే. నలుగురు పట్టుకుంటే నాలుగు పాయింట్లు పోతాయి. మొదటి పట్టు గట్టిదైతే ఇద్దరితో పని అయిపోతుంది, మిగతా వాళ్లు తమ చోట్ల తాము ఉంటారు. నాకు కావలసింది ఆ మొదటి పట్టు.

కాక: నలుగురు దూకిండ్రంటే తప్పు మొదటోనిది కాదు, రెండోనిది. మీరు పట్టినోన్నే చూస్తున్నరు. పట్టినోడు ఎన్కకు గుంజుతడు, అంతే వాని పని. గీతకూ రైడర్‌కూ నడుమ అడ్డం రావాల్సింది కవర్. వాడు వీపు మీదికెళ్లి ఎగబడితే రైడర్‌కు ఇంకింత ముంగటికి తోపు ఇచ్చినట్టే అయితది. రొమ్ముకు రొమ్ము ఎదురు రావాలె. ఇంకో మాట. చిన్నోడు కాలు ఎప్పుడు పడుతున్నడో చూసిండ్రా? బోనస్ గీత దాటేటప్పుడు రైడర్ ముంగటి కాలు గీత అవతల ఆనాలె, ఎనక కాలు గాల్లో ఉండాలె. లేకపోతే బోనస్ ఇయ్యరు. అంటే ఆ గడియల వాడు ఒంటికాలి మీదున్నడు. ఎంత బరువున్నోడైనా అప్పుడు వానికి నేల మీద అర్ధబలమే. చిన్నోడు సరిగ్గ అప్పుడే వంగుతడు. అది నేర్పితే వచ్చేది కాదు సారూ, కండ్లల్ల ఉంటది. మీ పెద్దోడు రెండు పాదాలు నేలకు ఆనినంక పోయి నడుము పట్టుకుంటడు. వాని బలం వానికుంది గాబట్టి ఒక్కోసారి ఆగుతది. వానికన్న బలమున్నోడు రేపు జిల్లా ఆటల్ల ఎదురైతే ఏం చేస్తడు?

సారు: ఒంటికాలి మాట ఒప్పుకుంటున్నా. నిజానికి మన ఆటలో అంత సూక్ష్మమైన విషయం ఇంకోటి లేదు. కానీ నువ్వు ఆడింది మట్టి మీద. వట్టి కాళ్లతో ఆడేవాళ్లు, తిరిగేటప్పుడు రైడర్ పాదం జారేది, ఆ జారుడే కార్నర్‌కు సగం పని చేసిపెట్టేది. ఇప్పుడు మండలం దాటితే మ్యాట్. షూ మ్యాట్‌కు పట్టుకుంటుంది, రైడర్ ఆనిన చోటే గిర్రున తిరుగుతాడు. కాలిని ఎరగా చూపించి, కార్నర్ వంగగానే లాగేసుకుని, వంగినవాడి వీపు తట్టి పోతాడు. నువ్వు చెప్పే ఆ గడియ ఇదివరకున్నంత లేదు కాకా. అది దొరికినా తర్వాత ఒకటి రెండు క్షణాలు ఆపాలి. ఆ ఆపడం తొడల్లోంచి, నడుములోంచి వస్తుంది.

2018లో జకార్తా ఆసియా క్రీడలు గుర్తుచేసుకో. 1990లో బీజింగ్‌లో కబడ్డీ పెట్టిన నాటి నుంచి మగవాళ్ల స్వర్ణం వరసగా ఏడుసార్లూ మనదే. అలాంటి జట్టును ఇరాన్ సెమీస్‌లో 27-18తో ఓడించింది. మనవాళ్లకు వచ్చింది పద్దెనిమిది పాయింట్లు! రైడ్‌కు వెళ్లినవాళ్లు తిరిగి రావడమే కష్టమైంది. ఆ జట్టు కెప్టెన్ ఫజల్ అత్రాచలి ఎడమ కార్నరే, చిన్నప్పుడు కుస్తీ పట్టినవాడు. వాళ్ల దేశంలో కుస్తీ ఇంటింటి విద్య. ఆ నడుము, ఆ మెడ, ఆ భుజాలు వాళ్లకు కబడ్డీ నేర్చుకోకముందే ఉన్నాయి.

కాక: అదే క్రీడల్ల ఆడపిల్లల ఫైనల్ల కూడ ఇరానే గెలిచింది, 27-24. వాళ్లకు కోచ్ ఎవరు? మన నాసిక్ ఆమె, శైలజా జైన్. పట్టు మన దగ్గరికెళ్లే పోయింది. ఒళ్లు ఒక్కటే గెలిపిస్తే వాళ్లు మొదటిసారి ఆడినప్పుడే గెలవాలె గదా? ఒళ్లు అప్పుడూ ఉండె. విద్య, జత కుదిరినంక గెలిచిండ్రు.

మన దేశంల కార్నర్ల జత అంటే నేను సురేందర్ నాడా, మోహిత్ ఛిల్లర్ పేర్లే చెప్త. ఎడమకు నాడా, కుడికి మోహిత్. ప్రో కబడ్డీ లీగ్‌ల యూ ముంబా జట్టుల కలిసి ఆడిండ్రు, 2015ల కప్పు కొట్టిండ్రు. అక్కడికెళ్లి బెంగళూరుకు పోయినా ఇద్దరే, హర్యానాకు పోయినా ఇద్దరే. వాళ్లను కొనెటోళ్లకు తెల్వదా, ఒక్కన్ని కొంటే సగమే వస్తదని? రైడర్ నాడా దిక్కు జరిగితే మోహిత్ అటు దిక్కు చూడకుండనే ఒక అడుగు లోపలికి వస్తుండె. పిలుపు లేదు, సైగ లేదు. ఇంకొకాయన, తమిళనాడు చేరలాతన్. 1975ల పుట్టినోడు, 2019ల హర్యానా స్టీలర్స్‌కు కెప్టెన్. నలభై నాలుగేండ్లు! ఇరవై ఏండ్ల పోరగాండ్ల కాళ్లు పట్టి కూసోబెడుతుండె. ఆ వయసుల ఏ బలం ఉంటది సారూ? చూపే గదా ఉండేది.

సారు: చేరలాతన్ నలభై నాలుగేళ్లకూ ఆడాడంటే ఒళ్లు అంత జాగ్రత్తగా కాపాడుకున్నాడని కూడా అర్థం. అది పక్కన పెడదాం. జత గురించి నువ్వు చెప్పే మాటకు నా దగ్గర అంతకన్నా గట్టి ఉదాహరణ ఉంది, నీకే పనికొచ్చేది. 2017లో గుజరాత్ జట్టు. కవర్లుగా సునీల్ కుమార్, పర్వేశ్ భైంస్వాల్. ఇద్దరూ కుర్రాళ్లు, అంతకుముందు పెద్ద పేరేం లేదు. మొదటి ఏడే ఫైనల్‌కు తీసుకుపోయారు, మరుసటేడూ ఫైనల్‌కు పోయారు. ఆ ఇద్దరూ ఒకేసారి ముందుకు ఉరికి డాష్ ఇచ్చి గుద్దితే రైడర్ లాబీ అవతల పడేవాడు.

కానీ 2017లో వాళ్లకు ఆ పక్కా ఈ పక్కా ఎవరున్నారు? ఎడమ కార్నర్‌లో ఫజల్, కుడి కార్నర్‌లో అబోజర్ మిఘానీ. ఇద్దరూ ఇరాన్ వాళ్లే, ఇద్దరివీ ఇనప చేతులు. మూలలు రెండూ కదలవన్న ధైర్యం ఉంటేనే నడుమ ఉన్న కుర్రాళ్లు అలా ఉరకగలరు. అక్కడ బలం ముందు నిలబడింది, జత దాని మీద ఆడింది.

కాక: మరి ఆ 2017 ఫైనల్ల ఏమైంది?

సారు: ఓడిపోయారు. పట్నా మీద 38-55.

కాక: ఎవరి చేతిల?

సారు: పర్‌దీప్ నర్వాల్. ఆ ఒక్క సీజన్‌లో 369 రైడ్ పాయింట్లు చేసినవాడు.

కాక: ఎట్ల చేసిండు? డుబ్కీ కొట్టి! ఇద్దరు చేతులు పట్టుకొని గొలుసు కట్టి వస్తే, ఆ చేతుల కిందికెళ్లి ముణిగి అవతల తేలుతడు. పొడుగోళ్ల గొలుసు ఎత్తుల ఉంటది, కిందికెళ్లి సందు ఎక్కువ. చిన్నోళ్ల గొలుసు కింద ముణుగుడు కష్టం సారూ. ఎత్తు, బరువు ఎక్కడైనా మేలే చేస్తయని చెప్పేటందుకు లేదు.

సారు: డుబ్కీకి ఎత్తు శత్రువే, కాదనను. మరి మరుసటేడు ఫైనల్? బెంగళూరు తరఫున పవన్ సెహ్రావత్ ఒక్కడే 22 పాయింట్లు తెచ్చాడు, గుజరాత్ 33-38తో ఓడిపోయింది. అప్పటికి ఫజల్ గుజరాత్‌లో లేడు. నీ జత అలాగే ఉంది, సునీల్, పర్వేశ్ ఇద్దరూ ఉన్నారు. మూలలో ఆ పాత బలం లేకపోయేసరికి జత ఒక్కటీ పవన్‌ను ఆపలేకపోయింది. దీనికేమంటావు?

కాక: అంటా. అదే పవన్ తర్వాత మన తెలుగు టైటాన్స్‌కు వచ్చిండు గదా. పదో సీజన్ల రెండు కోట్ల అరవై లక్షలు పెట్టి తెచ్చుకున్నరు. నేను ఒక్క ఆట ఇడ్వకుండ చూసిన. ఆయన కూతకు పోయి పాయింట్లు తెస్తనే ఉన్నడు, ఇటు దిక్కు వచ్చినోడు వచ్చినట్టే పట్టుకపోతున్నడు. ఇరవై రెండు ఆటల్ల రెండే గెలిచినం. ఎనిమిదో సీజన్ల ఆఖరు, తొమ్మిదో సీజన్ల ఆఖరు, పదో సీజన్ల ఆఖరు. మూడేండ్లు మనోళ్లు పన్నెండో నంబర్‌ల కూసుంటే గుండె మండింది సారూ.

తొమ్మిదో సీజన్ సంగతే జూడుండ్రి. ఆ ఏడు టైటాన్స్ డిఫెన్స్‌ల ఎవరెవరు ఉండె? రవీందర్ పహల్, సుర్జీత్ సింగ్, విశాల్ భరద్వాజ్, మీరు చెప్పిన పర్వేశ్ భైంస్వాల్. ఏ ఒక్కన్ని చూసినా పెద్ద పేరే, మంచి ఒళ్లే. నలుగురిని ఒక్క తాన నిలబెడితే గోడ అయితదనుకున్నరు. కాలేదు. అదే ఏడు పర్వేశ్ పాత జతగాడు సునీల్ ఎక్కడున్నడు? జైపూర్‌కు కెప్టెన్. కప్పు ఎత్తిండు. ఒక్క జతల ఇద్దరు మనుషులు, ఒకడు పైన, ఒకడు అడుగున. పర్వేశ్ బలం ఏడికి పోయింది? ఎక్కడికీ పోలేదు, ఆ భుజాలు ఆయనకట్లనే ఉన్నయి. పక్కన ఎవడు ఎప్పుడు కదుల్తడో తెల్వకపాయె. కాడికి ఒక్క జోడు ఎద్దులు అలవాటైనంక, ఒకదాన్ని మార్చి దానికన్న పెద్ద ఎద్దును కట్టినా సాలు వంకరనే పోతది.

సారు: ఇది బాగా తగిలే మాట. ఆ సీజన్ గురించి నేనూ ఇదే అనుకున్నాను. ఎంత మంచి డిఫెండర్‌నైనా తెచ్చి వారంలో జట్టులో కలిపేస్తే ముందుగానే ఎగబడతాడు. పక్కవాడి మీద నమ్మకం లేక తనే ముగించాలనుకుంటాడు. టైటాన్స్ డిఫెన్స్‌లో నేను చూసింది అదే, తొందర.

అయితే కాకా, ఆ వాదన నా వైపుకూ తిరుగుతుంది. జత కుదరడానికి ఏళ్లు కావాలంటున్నావు. నా చేతిలో ఏళ్లెక్కడున్నాయి? ఎనిమిదిలో వస్తాడు, పది కాగానే పోతాడు. నాట్ల రోజుల్లో సగం మంది పొలాల్లో ఉంటారు, కోతలప్పుడు వడ్ల కాంటాల దగ్గర ఉంటారు. నిజాంసాగర్ నీళ్లు వదిలారంటే నా గ్రౌండ్ ఖాళీ. ఆడపిల్లలైతే పెద్దమనిషయ్యాక ఇంట్లోవాళ్లు పంపరు, ఒక్కో తల్లి దగ్గరికీ నేనే పోయి అడగాలి. ఈ ఏడు కార్నర్, ఇన్ ఆడిన జత వచ్చే ఏడు ఉండదు. ఉన్న నాలుగు నెలల్లో నేను చేయగలిగింది గట్టి పిల్లల్ని చూసి, వాళ్లకు రెండు మూడు పట్లు సరిగ్గా నేర్పడం.

కాక: జతను మీరు తయారుచేసుడెందుకు? తయారై ఉన్నది. చిన్నోడూ, ఇన్ ఆడేటోడూ మేనత్త మేనమామ పిల్లలు. కాలువ గట్టు మీద నిక్కర్లేసుకున్నప్పటి సంది కలిసి ఆడుతున్నరు. మీకు దొరికిన బంగారం అది. దాన్ని ఇడగొట్టి ఒక్కన్ని బెంచీ మీద కూసోబెడుతున్నరు. నాకు కోపం అందుకు.

సారు: సరే. అయితే ఇప్పుడు నేనొకటి అడుగుతాను. గురుకులం పిల్లోడికి మేనత్త కొడుకు ఎక్కడినుంచి తేవాలి? వాడిది జుక్కల్ అవతల. ఐదో తరగతిలో తల్లిదండ్రులు హాస్టల్లో వేసిపోయారు. కాలువ గట్టు మీద వాడితో ఆడినవాళ్లు ఎవరూ లేరు. జత ఉన్నవాడికే చోటు అని నేను నియమం పెడితే, ఒక ఊరివాళ్లు, ఒక వాడవాళ్లు, ఒక చుట్టరికం వాళ్లే ఎప్పటికీ జట్టులో ఉంటారు. ఒంటరిగా వచ్చినవాడు ఎంత గట్టివాడైనా బయటే. బలం కొలవడంలో ఒక న్యాయం ఉంది కాకా. అది ఎవడి చుట్టమని అడగదు.

కాక: ఆ మాటకు నా దగ్గర తొందరగ జవాబు లేదు. ఆ పోరన్ని బయట పెట్టమని నేను అనలేదు. కవర్‌ల పెట్టుండ్రి, రైడ్‌కు పంపుండ్రి. కానీ బలం ఎవరి చుట్టమని అడగదా? అడుగుతది సారూ. ఇంట్ల పాలు, గుడ్డు ఉన్నోన్నే అడుగుతది. చిన్నోడు ఎందుకు చిన్నగ ఉన్నడు? వాళ్లమ్మ నాట్లేసి తెచ్చిన కూలితోని ముగ్గురు పిల్లలు తినాలె. బడిల మధ్యాహ్నం భోజనంల వారానికి మూడు గుడ్లు వస్తయి, అదే వానికి పెద్ద తిండి. ఒళ్లు చూసి ఎంచితే తిన్నోన్ని ఎంచినట్టే.

సారు: ఎంచడం వేరు, పెంచడం వేరు. బలం ముఖ్యం కాదని పిల్లలకు చెప్తే వాళ్ల తిండి గురించి అడిగేవాడు కూడా ఉండడు. కార్నర్ ఆడాలంటే ఒళ్లు కావాలి, ఒళ్లు కావాలంటే గుడ్డు కావాలి, శనగలు కావాలి అని నేను పదిమంది ముందు మాట్లాడగలిగేది బలం కావాలి అంటున్నాను గనకనే. రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తోంది. నీ మనవరాలు కవర్ ఆడుతుంది కదా, రెండో సగంలో దాని కాళ్లు ఎందుకు బరువెక్కుతాయో నీకు తెలియదా? చూపు ఎంత బాగున్నా, రక్తం లేకపోతే ముప్పయ్యో నిమిషానికి ఆ చూపు పనిచేయదు.

ఇంకొకటి, నాకు రాత్రిళ్లు గుర్తొచ్చేది. తక్కువ బరువు పిల్లవాడు పెద్ద రైడర్ కాలు పట్టి కిందపడితే, వాడి మీద రైడర్, రైడర్ మీద మనవాళ్లు ముగ్గురు. అడుగున ఉన్న భుజం ఎవరిది? మోకాలు ఎవరిది? ఆట అయ్యాక ఆ తల్లికి నేను జవాబు చెప్పాలి.

కాక: ఆ భయం నాకూ ఉన్నది. మా కాలంల మోకాలు పోయినోళ్లు ఇంకా కుంటుతనే ఉన్నరు.

సారు: బలం మాట మొదలెట్టాం కాబట్టి బయటి ఆట ఒకటి చెప్తాను, విను. ఆస్ట్రేలియాలో, ఉత్తర ఇంగ్లండ్‌లో రగ్బీ లీగ్ ఆడతారు. 1895లో హడర్స్‌ఫీల్డ్‌లో పుట్టింది. గనుల్లో, మిల్లుల్లో పనిచేసే వాళ్లు ఆట కోసం పనికి సెలవు పెడితే పోయే కూలి ఇప్పించమని అడిగారు. పెద్దలు ఒప్పుకోలేదు, ఉత్తరాది క్లబ్బులు విడిపోయాయి. కూలివాళ్ల ఆట, మన ఆటలాగే. జట్టుకు పదముగ్గురు, అందులో ఆరుగురు ఫార్వర్డ్‌లు. బంతి పట్టుకుని ఎదుటి వరుస మీదికి పోవడం, అవతలివాళ్లు వస్తే నడుమ నిలబడి పట్టి పడేయడం వీళ్ల పని. స్కోర్ చేసి పేపర్లో పడేది ఎక్కువగా చివర్లలో పరుగెత్తేవాళ్లు. ఫార్వర్డ్‌లలో ప్రాప్‌లని ఇద్దరుంటారు, మామూలుగా వంద కిలోలు దాటినవాళ్లు. మన కార్నర్లు, కవర్లు చేసే పని అక్కడ చేసేది వీళ్లే, వీళ్లను ఒళ్లు చూసే ఎంచుతారు. వందేళ్లు దాటిన ఆట, ఊరికే ఎంచరు కదా.

కాక: వాళ్లు పట్టినంక ఏమైతది? ఆట ఆగుతదా?

సారు: ఆగదు. పడ్డవాడు లేచి బంతిని కాలితో వెనక్కి ఇస్తాడు, మళ్లీ మొదలు. అలా ఆరు ట్యాకిళ్ల దాకా ఒక జట్టుకు బంతి ఉంటుంది. ప్రతి ట్యాకిల్‌కూ పట్టినవాళ్ల వరస పది మీటర్లు వెనక్కి పోవాలి, మళ్లీ ముందుకు రావాలి.

కాక: అట్లైతే వంద కిలోలోడు ఎంతసేపు ఉరుకుతడు?

సారు: అలిసిపోతాడు. మార్చి మార్చి దింపుతారు. నీ దగ్గర దాచడమెందుకు, ఫార్వర్డ్‌లలోనే హుకర్ అని ఒకడుంటాడు, నడుమ నిలబడి అందరితో సమానంగా పట్టేవాడు. మెల్‌బోర్న్ స్టార్మ్‌లో కామెరాన్ స్మిత్ అని ఒక హుకర్ ఉండేవాడు. ఆ ఆటలో చూస్తే పెద్ద శరీరమేం కాదు. ఆస్ట్రేలియా లీగ్‌లో నాలుగు వందల మ్యాచ్‌లు ఆడిన మొదటివాడు అతనే, 2019లో. ఎవడు ఎటు వస్తాడో ముందే చూసేవాడు. ఇది నీ వైపు పోయే సాక్ష్యమని తెలుసు. కానీ అదే స్టార్మ్ జట్టు పట్లు నేర్పడానికి కుస్తీ, జుజుత్సు తెలిసిన శిక్షకుణ్ని పెట్టుకుంది, అది కూడా లెక్కలోకి తీసుకో.

కాక: తీసుకుంట. కుస్తీ అంటే ఒట్టి బలం కాదు గద సారూ, ఎవని బరువు వాని మీదికే తిప్పుడు. బాన్సువాడల పాత తాలీం ఉస్తాదుల నుంచి మేం నేర్చుకున్నది అదే. సరే, ఆ రగ్బీల బరువుకు హద్దున్నదా?

సారు: పెద్దవాళ్ల ఆటలో లేదు.

కాక: మనకున్నది! మొగోళ్లకు 85 కిలోలు, ఆడోళ్లకు 75. దాటితే ఆడనియ్యరు. పిల్లల ఆటలకు ఇంకా తక్కువ. ఈ ఆట పుట్టుకలనే చెప్తున్నది, బరువు ఒక దగ్గర ఆపేస్తం, ఆ పైన మీ దగ్గర ఇంకేమున్నదో చూపియ్యుండ్రి అని. ఇద్దరు ఒక్క తీరు బరువుంటే ఎవడు గెలుస్తడు?

సారు: ఒకే బరువులో ఎవడి ఒంట్లో కండ ఎక్కువ, ఎవడి ఒంట్లో నీరు ఎక్కువ, అది కూడా తేడాయే. బరువు హద్దు మాట ఎత్తావు గనక చెప్తున్నా. తూకం రోజు నేను చూసేది నీకు తెలియదు. అర కిలో ఎక్కువుందని పిల్లలు ముందురోజు రాత్రి నుంచి తినరు, నీళ్లు తాగరు, స్వెటర్ వేసుకుని గ్రౌండ్ చుట్టూ ఉరుకుతారు. తూకం అయ్యాక గబగబా అరటిపండ్లు తిని మ్యాట్ ఎక్కుతారు. కాళ్లు లాగేస్తాయి. ఆ రోజు మొదటి మ్యాచ్‌లో పట్టు జారితే అది చూపు తప్పు కాదు, జత తప్పు కాదు. ఆ ఒంట్లో ఏమీ లేదు. బరువుకు హద్దుంది కదా అని బలం సంగతి తేలిపోదు. హద్దు లోపలే బలాన్ని ఎలా కూర్చాలో మనకు ఎవరూ నేర్పలేదు, నేర్చుకోవాలి.

కాక: ఇది మీరు చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేదు. ఒప్పుకుంటున్న. ఇంకోటి కూడ ఒప్పుకుంట. ముగ్గురే మిగిలినప్పుడు జత లెక్క తప్పుతది. పది మీటర్ల వెడల్పుల ముగ్గురు నిలబడితే గొలుసు కట్టేటందుకు లేదు. రెండోడు వచ్చేదాక ఒక్కడే ఆపాలె. సూపర్ ట్యాకిల్, రెండు పాయింట్లు. అక్కడ మీ పెద్దోడు ఉంటే నాకూ ధైర్యమే.

సారు: నేనూ ఒకటి ఇస్తాను. ఏడుగురూ ఉన్నప్పుడు, రైడర్ బోనస్‌కు కాలు వేసే సమయంలో, చిన్నోడంత శుభ్రంగా ఆడేవాడు నా జట్టులో లేడు. అందుకే అనుకున్నా, మొదటి ఏడుగురిలో వాణ్ని పెట్టి, మనవాళ్లు తగ్గిపోయినప్పుడు పెద్దోణ్ని దింపుదామా అని.

కాక: దింపుతరా? అవుటైనోని జాగల ఇంకోన్ని దింపనియ్యరు. మ్యాట్ మీదున్నోన్నే మార్చాలె. లేచేటప్పుడు కూడ అవుటైన వరసల్నే లేస్తరు. ముగ్గురు మిగిలినప్పుడు ఏ ముగ్గురు మిగులుతరో మీరు రాసిపెట్టగలరా?

సారు: లేను. అందుకే మొదటి ఏడుగురి దగ్గరే తేలాలి, అందుకే పెద్దోడు అంటున్నా. ఎంతమంది ఉన్నా వాడి బలం వాడితోనే ఉంటుంది. చిన్నోడి ఆట పక్కవాడు అవుటైతే సగమైపోతుంది.

కాక: పెద్దోన్ని పెడితే ఏడుగురు ముగ్గురయ్యేదాక ఎంతసేపు పడతది? చిన్నోడూ వాని జతా ఉంటే అసలు ముగ్గురి దాక రానియ్యరు, నేనట్ల అంటున్న.

సారు: మాటలతో ఇది తెగదు. ఐతారం పొద్దున గ్రౌండ్‌కు రా. నీ జతను వాళ్ల చోట్లలో నిలబెడతాను. రైడ్‌కు మాత్రం పెద్దోణ్నే పంపుతాను. వాణ్ని ఆపగలిగితే జిల్లాలో ఎవరినైనా ఆపుతారు.

కాక: పంపుండ్రి. కానీ నాలుగైదు కూతలు చూసి తేల్చొద్దు. ఇరవై నిమిషాలు ఒక సగం, ఇరవై నిమిషాలు ఇంకో సగం, పూర ఆట ఆడిపియ్యాలె. మొదటి పది నిమిషాలు మీ పెద్దోడే గెలుస్తడు, అది నాకు తెలుసు.

సారు: ఆఖరి పది నిమిషాలు ఎవరి కాళ్లు నిలబడతాయో కూడా చూద్దాం. ఆ రోజు పొద్దున ఇద్దరికీ ఒకే తిండి నేనే పెట్టిస్తా. చిన్నోడు ఖాళీ కడుపుతో వస్తే మాత్రం ఆడనివ్వను, నువ్వు ఎంత చెప్పినా సరే.

కాక: తిండి మా ఇంట్ల పెడత. ఇద్దరికీ.